దోపిడి దొరలా, పారిశ్రామికవేత్తలా?

సందేహం: దేవరకొండలో డిగ్రీ తెలుగు మీడియం పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. అమెరికా పాఠంలో ఉక్కు వ్యాపారి కార్నెగీ, చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ వంటివాళ్లకు 'రాబర్ బేరన్లు' అని పేరు. మా నోట్సులో దాన్ని 'దోపిడీ దొరలు' అని రాశారు. పిల్లలు వెంటనే గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో, కూర్చున్న దొరను ఊహించుకుంటున్నారు. ఇంకో పుస్తకం తెరిస్తే వాళ్లే 'పారిశ్రామికవేత్తలు, మహాదాతలు'. 'వీరు సమాజానికి మేలు చేశారా, కీడు చేశారా?' అన్నది పది మార్కుల ప్రశ్న. ఏ మాట వాడమంటారు? అసలు అది 'దోపిడి'యా, 'దోపిడీ'యా?

సమాధానం: అమ్మా, చిన్న సందేహం ముందు తేల్చేద్దాం. తాకిడి, రాపిడి, ఒత్తిడి ఎలాగో దోపిడి అలాగే, చివర హ్రస్వం. పత్రికల్లో దీర్ఘం బాగా పాతుకుపోయింది కాబట్టి 'దోపిడీ' అని రాసిన పిల్లలకు మార్కులు కోయకండి.

ఇక దొర సంగతి. మీ పిల్లల ఊహలో తప్పేమీ లేదు. కోస్తా వైపు దొర అంటే తెల్లదొర గుర్తుకొస్తాడు. పాత కాగితాల్లో 'దొరతనం' అంటే ఏకంగా ప్రభుత్వం. నల్లగొండలో మాత్రం ఆ మాట వినగానే గడి, వెట్టి, 'నీ బాంచెన్ దొరా' అంటూ వంగిన నడుము కళ్ల ముందుకొస్తాయి. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు బలైనప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అంత చరిత్ర మోస్తున్న మాటను తీసుకెళ్లి పిట్స్‌బర్గ్ ఉక్కు యజమానికి తగిలిస్తే పిల్లలకు ఉక్కు కనబడదు, గడే కనబడుతుంది.

పోలిక తప్పుదారి పట్టించేది కూడా ఇక్కడే. గడి దొర ఏదీ తయారుచేసి అమ్మలేదు. వెట్టికి కూలీ లేదు. కార్నెగీ ఉక్కు చేయించి అమ్మాడు, కూలీ ఇచ్చాడు, ఆ కూలీలో కోతా పెట్టాడు. ఇద్దరిమీదా ఫిర్యాదులున్నాయి గానీ అవి ఒకే ఫిర్యాదు కాదు.

ఇంగ్లీషు మాట పుట్టుక చూడండి. మధ్యయుగంలో జర్మనీలో రైన్ నది ఒడ్డున కోటలు కట్టుకొని, వచ్చేపోయే పడవలను ఆపి అక్రమంగా సుంకం గుంజిన సామంతులుండేవారు. అమెరికాలో వ్యాపారుల మీద విసిరిన ఈ తిట్టుకు వాళ్లే మూలం. ఆ నిందలో అసలు సంగతి దారికాయడం. రాక్‌ఫెల్లర్ మీద ఆరోపణ సరిగ్గా అదే. రైలు కంపెనీలతో రహస్యంగా కిరాయి తగ్గింపులు మాట్లాడుకొని పోటీదారులను పడగొట్టాడు. 1880 నాటికి అమెరికాలో చమురు శుద్ధి దాదాపు 90 శాతం ఆయన గుప్పిట్లో ఉంది. 1911లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను ముక్కలు చేయమని తీర్పు చెప్పాక అది 34 కంపెనీలైంది.

దీనికి మనకు మంచి మాట ఉంది, గుత్త. చెరువు గుత్తకు పోవడం, మామిడితోట గుత్తకు పట్టడం మీ పిల్లలకు తెలిసినవే. 'చమురు గుత్తాధిపతి' అని రాయండి. అది తిట్టు కాదు, కోర్టు తేల్చిన విషయం. ఇంకో సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. ఆయన కాలంలోనే కిరోసిన్ చవకైంది, పేదల ఇళ్లలో కూడా రాత్రి దీపం వెలిగింది. మన పెద్దవాళ్లు గ్యాసునూనె అనేది ఈ నూనెనే. ధర తగ్గించినవాడూ పోటీదారుల గొంతు నొక్కినవాడూ ఒక్కడే అయ్యేసరికి ఏ ఒక్క పేరూ ఆయనకు అతకడం లేదు.

అలాగని 'పారిశ్రామికవేత్త' తటస్థమైన మాట అనుకోకండి. వేత్త అంటే తెలిసినవాడు. శాస్త్రవేత్త, విద్యావేత్తల పక్కన కూర్చోబెట్టే మాట. సంస్కృతంలో పరిశ్రమ అంటే చెమటోడ్చడం. చెమటోడ్చేది ఒకరు, ఆ పేరు పెట్టుకునేది మరొకరు. ఇది నా చిరాకు మాత్రమే, మాట స్థిరపడిపోయింది, మార్చలేం. 'పెట్టుబడిదారు' విషయం దీనికి తలకిందులు. రాబడి, దిగుబడి లాంటి పెట్టుబడికి వాటాదారులో ఉన్న దారు చేరింది, అంతే. కరపత్రాల్లో నలిగి నలిగి అది తిట్టయి కూర్చుంది. ఫ్యాక్టరీ యజమాని అనండి, ఏ గొడవా లేదు.

అయితే నామవాచకాలు సరిచేసినంత మాత్రాన మీ నోట్సు బాగుపడదు. అసలు పక్షపాతం క్రియల్లో ఉంది. ఇలాంటి పాఠాల్లో వాక్యాలు సాధారణంగా ఇలా ఉంటాయి: 'కార్నెగీ 2,500కు పైగా గ్రంథాలయాలు కట్టించాడు.' తర్వాతి పేరాలో: 'హోమ్‌స్టెడ్ సమ్మెలో హింస చెలరేగింది, పలువురు మరణించారు.' మొదటి దానికి కర్త ఉన్నాడు. రెండో దానిలో హింస తనంతట తనే చెలరేగింది.

కార్నెగీ తాపీ పట్టుకొని ఒక్క ఇటుకా పేర్చలేదు. డబ్బిచ్చాడు. అదీ ఊరివాళ్లు స్థలం చూపించి, ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకు ఖర్చు పెడతామని ఒప్పుకుంటేనే. అయినా 'కట్టించాడు' అంటాం. తప్పు లేదు, 'ఇంచు' ప్రత్యయం ఉన్నదే అందుకు. పని ఇంకొకరు చేసినా చేయించినవాడే కర్త. మరి 1892లో కార్నెగీదే అయిన హోమ్‌స్టెడ్ ఉక్కు కార్ఖానాలో కూలీ తగ్గించి, కార్మికులను బయటపెట్టి గేటు మూసి, పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ నుంచి 300 మంది సాయుధ కాపలాదారులను రాత్రికి రాత్రి పడవల్లో దింపినప్పుడు ఆ ప్రత్యయం ఎక్కడికి పోయింది? జులై 6న కాల్పులు జరిగాయి. రెండు వైపులా మనుషులు చనిపోయారు. ఆ సమయానికి కార్నెగీ స్కాట్లాండులో ఉన్నాడు, పనులు నడిపింది ఆయన భాగస్వామి ఫ్రిక్. యజమాని ఊళ్లో లేడు కాబట్టి ఆయనకు అంటదనేవాళ్లున్నారు. కార్నెగీ గ్రంథాలయాలు కట్టిన చాలా ఊళ్లలో కూడా ఆయన లేడు. మేలుకు వాడిన వ్యాకరణమే కీడుకూ వాడాలి. నేను పట్టుబట్టేది ఈ ఒక్క విషయంలోనే.

అమెరికా దాకా ఎందుకు? జడ్చర్ల పక్కన పోలేపల్లిలో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది. అలాంటి చోట ఎవరినైనా అడగండి, 'భూమి సెజ్‌ల పోయింది' అంటారు. అకర్మక క్రియ. భూమి తనే లేచి నడిచి వెళ్లినట్టు. పత్రిక భాషలోనూ 'భూసేకరణ జరిగింది', కానీ 'ఉపాధి కల్పించారు'. పోయినదానికి ఎవరూ లేరు, ఇచ్చినదానికి మాత్రం ఒకరున్నారు. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వలస వెళ్లే పాలమూరు లేబర్ సంగతీ అంతే. దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టినవాళ్లకు 'కట్టారు' అన్న క్రియ కూడా సరిగా దక్కలేదు. శిలాఫలకం మీద పేర్లన్నీ 'కట్టించిన'వాళ్లవే.

దాతల గురించి అడిగారు కాబట్టి మీకు దగ్గరి ఉదాహరణ ఇస్తాను, పిల్లలకు కార్నెగీ కంటే బాగా అర్థమవుతుంది. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని మునగాల ఒకప్పుడు నిజాం ఇలాకా మధ్య చిక్కుకున్న బ్రిటిషు జమీ. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలిసినప్పుడు వెనక నిలిచినవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఒకరు. కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దివాను. 1906లో మొదలై తెలుగులో పుస్తకాలు అచ్చువేసిన విజ్ఞాన చంద్రికా మండలికీ ఆ సంస్థానం అండ ఉంది. తెలుగులో చదువుకున్న ప్రతివాడూ ఆ పుస్తకాలకు రుణపడి ఉన్నాడు, నేనూ ఉన్నాను. అదే పరగణాలో 1930లలో రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్లకూ ఎదురు తిరిగారు. వాళ్ల కష్టం పుస్తకాల అట్టల మీద ఎక్కడా అచ్చు కాలేదు.

'ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు' అన్న సామెత ఇక్కడ అందరికీ నోటికొస్తుంది. పదునైనదే, కానీ పది మార్కుల జవాబుకు సరిపోదు. చెప్పులు తొడుక్కున్నవాడి మాట అందులో లేదు. కార్నెగీ గ్రంథాలయంలో చదివి పైకొచ్చిన కూలీ కొడుకు అబద్ధం కాదు. ఆ కొడుకు తండ్రికి రోజుకు 12 గంటల పనీ అబద్ధం కాదు. నన్నడిగితే దానం దానమే, కూలీ బాకీ బాకీయే. మొదటిది రెండోదాన్ని తీర్చదు.

మీ ప్రశ్నలో నాకు ఇబ్బందిగా తోచింది 'సమాజానికి' అన్న మాట. ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది అందులో కరిగిపోతుంది. నూనె కొన్నవాళ్లా, పోటీలో దివాలా తీసినవాళ్లా, కార్ఖానాలో పనిచేసినవాళ్లా? పాఠంలో 'రాబర్ బేరన్' అన్న మాటను తెలుగు లిపిలో అలాగే ఉంచి, రైన్ నది కథ ఒక్కసారి చెప్పండి. ప్రశ్నను ఇలా మార్చి చూడండి: 'రాక్‌ఫెల్లర్, కార్నెగీల వల్ల ఎవరెవరికి ఏ మేలు జరిగింది, ఎవరెవరు ఏమి నష్టపోయారు? ఆ పనులు ఎవరు చేయించారో చెబుతూ రాయండి.' జవాబులో 'జరిగింది', 'చెలరేగింది' కనబడిన ప్రతిచోటా ఎర్ర ఇంకుతో 'ఎవరు?' అని రాయండి. నా ప్రశ్నలోనే ఒక 'జరిగింది' ఉందని మీరు పట్టుకుంటే దాన్నీ దిద్దుకోండి.