'తిరిగి' అన్న చోట ఆగి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

రిపాట్రియేషన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. యుద్ధఖైదీలు, తోట కూలీలు, మ్యూజియంలోని బంగారు ఆభరణాలు, పరాయి దేశంలో మరణించిన ఒక స్త్రీ అస్థికలు, ఈ నాలుగింటికీ నువ్వు "స్వదేశానికి తిరిగి పంపించారు" అనే ఒకే వాక్యం వాడావు. రిపాట్రియేషన్ అన్న మాటకు నిఘంటువు ఇచ్చే అర్థం అదే కాబట్టి నీకు అనుమానం రాకపోవడం సహజం. లాటిన్‌లో 'పాత్రియా' అంటే తండ్రుల నేల. అక్కడికి మళ్లీ చేర్చడం ఆ పదానికి మూలార్థం. అయితే ఆ నామవాచకం, పంపినది ఎవరో, రప్పించినది ఎవరో, వెళ్లినవారు ఇష్టపడి వెళ్లారో లేదో చెప్పకుండానే వాక్యంలో ఒదిగిపోతుంది. తెలుగు క్రియ అలా ఒదగదు. 'పంపారు' అంటే మనం సాగనంపే దేశంలో నిలబడి చూస్తున్నాం. 'రప్పించారు' అంటే ఎదురుచూసే దేశంలో ఉన్నాం. 'తిరిగి వచ్చారు' అంటే నిర్ణయం వచ్చినవారిదే. 'పంపేశారు' అంటే వారి ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. దీన్ని మన భాషకున్న ఇబ్బందిగా కాక నిజాయితీగా చూడమని నిన్ను కోరుతున్నాను.

నీ మొదటి ఉదాహరణనే తీసుకుందాం. పోరు ముగిశాక యుద్ధఖైదీలను ఆలస్యం లేకుండా విడిచిపెట్టి స్వదేశానికి చేర్చాలని 1949 నాటి మూడో జెనీవా ఒప్పందంలోని 118వ అధికరణం చెబుతుంది. గెలిచినవాడు ఖైదీలను ఏళ్ల తరబడి అట్టిపెట్టుకోకూడదన్నది దాని ఉద్దేశం. కాని కొరియా యుద్ధంలో వేలాది ఖైదీలు తమ దేశానికి వెళ్లబోమని మొండికేయడంతో, అందరినీ అప్పగించి తీరాలన్న పక్షానికీ, ఇష్టం లేనివారిని పంపబోమన్న పక్షానికీ మధ్య కాల్పుల విరమణ చర్చలు ఏడాదికి పైగా అక్కడే చిక్కుకుపోయాయి. చివరికి 1953లో అలాంటివారి సంగతి చూడడానికి తటస్థ దేశాల కమిషన్‌ను ఏర్పాటు చేసి, భారత సైన్యాధికారి జనరల్ తిమ్మయ్యను దానికి అధ్యక్షుడిగా నియమించారు. ఆ శిబిరాల్లో ఉన్నవాడికి 'స్వదేశం' అన్న మాట కొన్నిసార్లు బెదిరింపు. నీ వాక్యంలో ఆ భయానికి చోటు లేదు.

రెండో ఉదాహరణలో పొరపాటు ఇంకా లోతైనది, అది 'తిరిగి' అన్న చిన్న మాటలో ఉంది. 1964లో కుదిరిన సిరిమావో–శాస్త్రి ఒప్పందం ప్రకారం సింహళం (నేటి శ్రీలంక) నుంచి భారత సంతతికి చెందిన 5,25,000 మందిని భారతదేశం స్వీకరించాలి. వారిలో ఎంతోమంది అక్కడి తేయాకు తోటల్లోనే పుట్టి పెరిగినవారు. భారతదేశాన్ని ఒక్కసారైనా చూడనివారు. చూడని చోటికి తిరిగి వెళ్లడం ఎలా సాధ్యం? 1930లలో అమెరికా నుంచి మెక్సికోకు చేరవేసిన కుటుంబాల్లో అమెరికాలోనే పుట్టిన పౌరులు, ముఖ్యంగా పిల్లలు, పెద్ద సంఖ్యలో ఉన్నా దానికీ రిపాట్రియేషన్ అనే పేరు పెట్టారు. ఇలాంటి చోట 'తిరిగి' అని రాస్తే, పంపినవారి వాదాన్ని మనకు తెలియకుండానే మనం సంతకం చేసి ఒప్పుకున్నట్టు అవుతుంది. తొలినాళ్లలో నేనూ అనువాదంలో ఇదే తప్పు చేశాను. అచ్చయిన వాక్యాన్ని వెనక్కి తీసుకోలేకపోయిన బాధ ఇప్పటికీ ఉంది.

బర్మా నుంచి వచ్చిన మనవాళ్లను ప్రభుత్వ పత్రాలు ఏ పేరుతో పిలిచినా, తెలుగువారు 'కాందిశీకులు' అన్నారు. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు పోను' అన్న ప్రశ్నలోంచి పుట్టిన సంస్కృత పదమది. ఇల్లు చేరినవారికి కూడా దిక్కుతోచని స్థితి ఉంటుందని ఆ మాటకు తెలుసు. ఇంతకన్నా సరైన పదం నాకు ఇప్పటివరకు కనబడలేదు.

బహిష్కరణ, అప్పగింత, తరలింపు అన్నవాటిని కలగాపులగం చేయకు. ఉండే హక్కు లేదని వెళ్లగొట్టడం బహిష్కరణ. నిందితుణ్ణి విచారణకు కోరిన దేశానికి ఇవ్వడం అప్పగింత. ఆ దేశం అతని స్వదేశం కానక్కర్లేదు. ప్రమాదంలో చిక్కుకున్నవారిని బయటికి తేవడం తరలింపు; 1990లో ఇరాక్ ఆక్రమించిన కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తీసుకురావడం అలాంటిదే.

వస్తువుల విషయానికి వస్తే, నువ్వు రాసిన అసాంతే (నేటి ఘానాలోని ఒక రాజ్యం) బంగారు ఆభరణాలు ఘానాకు 'తిరిగి ఇవ్వబడలేదు'. 1874 యుద్ధంలో దోచుకుపోయినవాటితో సహా 32 వస్తువులను 2024లో రెండు బ్రిటిష్ మ్యూజియంలు ఘానాలోని కుమాసీ నగరానికి అరువుగా పంపాయి. గడువు ముగిశాక వెనక్కి వెళ్లవలసినవాటిని చేరాయనడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. యాజమాన్యం కూడా మారినప్పుడు సైతం 'దేశానికి చేరింది' అని వదిలేయకు. నేటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యపు కంచు శిల్పాల సంగతి చూడు: నైజీరియా ప్రభుత్వం 2023లో వాటికి యజమాని ఓబా, అంటే బెనిన్ రాజు, అని ప్రకటించింది. దేశానికి చేర్చడం ఒకటి, హక్కుదారుకు ఇవ్వడం మరొకటి.

చివరి పేజీ గురించి ఎక్కువ ఆలోచించాను. దక్షిణాఫ్రికాలో పుట్టి, ఐరోపాలో జనం ముందు ప్రదర్శనకు పెట్టబడిన సారా బార్ట్‌మన్ 1815లో ఫ్రాన్స్‌లో మరణించింది. ఆమె అస్థిపంజరాన్ని మ్యూజియంలో ప్రదర్శించారు. దక్షిణాఫ్రికా ఎన్నో ఏళ్లు అడిగాక, 2002లో ఫ్రాన్స్ ప్రత్యేకంగా చట్టం చేసి అప్పగిస్తే, ఆ ఆగస్టు 9న సొంత నేలలో ఆమెకు అంత్యక్రియలు జరిగాయి. నువ్వు "అవశేషాలను పంపించారు" అని రాశావు. అవశేషం మ్యూజియం జాబితాలోని మాట. ఆ జాబితా నుంచి ఆమెను బయటికి తేవడానికే కదా అన్నేళ్లు పట్టింది. ఆ పేరాను మాత్రం తిరగరాసి పంపు. కర్తగా ఫ్రాన్స్‌ను కాక, ఆమెను అడిగి తెచ్చుకున్నవారిని పెట్టు; 'అవశేషాలను' అన్న చోట 'ఆమెను' అని రాసి చూడు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి