పుంజు ఒళ్లు ఆకుపచ్చగా మారితే కుళ్లినట్టేనా?

ప్రశ్న: సార్, నాలుగు రోజుల కిందట మా పుంజును కుక్క పట్టుకుంది. వెంటనే విడిపించాం. వీపు మీద రెండు చిన్న గాట్లే కనిపిస్తే కడిగి వదిలేశాం. ఇప్పుడు రెక్క కింద, తొడ మీద చర్మమంతా ఆకుపచ్చగా మారింది. మేత ముట్టడం లేదు, మూలన ముడుచుకుని కూర్చుంటోంది. లోపల కుళ్లిపోయింది, కోసేయమని అందరూ అంటున్నారు. ఇంట్లోనే ఏమైనా చేసి బతికించుకోవచ్చా?

జవాబు: రంగు చూసి మాత్రం కోసేయకండి. బతికే కోళ్లను కూడా ఈ ఒక్క భయంతో చంపేస్తుంటారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

దెబ్బ తగిలినచోట చర్మం కింద చేరిన రక్తం విరిగేటప్పుడు ముందుగా బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థం తయారవుతుంది. మన ఒంట్లో ఒక ఎంజైము దాన్ని పసుపు రంగులోకి మార్చేస్తుంది. కోళ్లలో ఆ ఎంజైము పని నామమాత్రం. అందుకే కమిలిన చోటు రెండు మూడు రోజులకు చిక్కటి ఆకుపచ్చగా తేలి, ఆ తర్వాత మెల్లగా పోతుంది. కుళ్లితే తీరే వేరు. చర్మం నల్లబడి తోలులా బిగుస్తుంది, తాకితే చల్లగా ఉంటుంది, దుర్వాసన కొడుతుంది. ఒకసారి దగ్గరకు తీసుకుని వాసన చూడండి.

నన్ను కలవరపెడుతున్నది రంగు కాదు, మేత మానేయడం. కోళ్లు నొప్పిని బయటపడనివ్వవు. మూలన ముడుచుకుందంటే ఇక దాచుకోలేని స్థితికి వచ్చిందన్నమాట. కుక్క కోర పైన చిన్న చిల్లు పెట్టి లోపల చర్మాన్ని కండ నుంచి ఊడదీస్తుంది. పైన ఈకలు కప్పేస్తాయి కాబట్టి మీరు చూసిన రెండు గాట్లే మొత్తం గాయం అనుకోవద్దు.

ఈ రోజే వెలుతురు తగ్గాక పట్టుకోండి, అప్పుడు బెదరదు. తల బయట ఉంచి తువాలు చుట్టండి, కానీ రొమ్మును గట్టిగా నొక్కవద్దు. కోడికి మనలా ఊపిరి తీయించే పొర ఉండదు. రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది, బిగించి పట్టుకుంటే ఊపిరాడక చేతుల్లోనే పోతుంది. ఈకలను ఎదురు దిశలో తోస్తూ, టార్చి వెలుగులో రెక్కల కింద, తొడల మధ్య, తోక కింద అంతా చూడండి. గాయం చుట్టూ ఈకలను కత్తెరతో కత్తిరించండి. పీకితే పలుచని చర్మం చిరుగుతుంది.

లీటరు నీళ్లు మరిగించి, 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు టీ చెంచాన్నర, కలిపి గోరువెచ్చగా అయ్యాక సూది లేని సిరంజితో గాయాన్ని కడగండి. ఊపిరి తీసినప్పుడల్లా గాయంలోంచి బుడగలు వస్తుంటే మాత్రం చుక్క నీరు కూడా పోయవద్దు. గాలి సంచి చిరిగిందని అర్థం, పోసిన నీరు శ్వాసలోకి పోతుంది. రెక్క మొదట్లో ఎముక విరిగి బయటకు వచ్చినా ఇదే జాగ్రత్త, ఆ ఎముక బోలుగా ఉండి గాలి సంచితో కలిసి ఉంటుంది.

కడిగాక పోవిడోన్ అయోడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి అద్దండి. కిరోసిన్, ఫినాయిలు, స్పిరిట్ వద్దు, అవి బతికున్న కండను కూడా కాల్చేస్తాయి. కోడి చీము కారదు, పసుపు రంగు జున్నుముక్కలా గట్టిపడుతుంది. నొక్కితే రాదు. వదులుగా ఉంటే తడి దూదితో తీయండి, అంటుకుని ఉంటే తవ్వకండి. ఈగ గుడ్డు పెట్టిన రోజులోపే పురుగు పుట్టగలదు కాబట్టి పూటపూటా చూడాలి. పురుగులుంటే పట్టకారుతో ఒక్కటీ మిగలకుండా ఏరి మళ్లీ కడగండి.

తర్వాత దాన్ని విడిగా, మసక వెలుతురులో, పొడిగా, ఈగలు రాకుండా దోమతెర కప్పి ఉంచండి. గాయం ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి, పొడిచి చంపేస్తాయి కూడా. కింద ఊక వద్దు, గుడ్డ వేసి రోజూ మార్చండి. గూటిలో ఒక పక్క 28-30 డిగ్రీల వెచ్చదనం ఉంచి, రెండో పక్క చల్లగా వదిలితే తనకు నచ్చిన చోట కూర్చుంటుంది. నా అనుభవంలో ఈ వెచ్చదనాన్నే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చలికి వణికే పుంజు మేత ముట్టదు.

నోరు తెరిచి నీళ్లు పోయకండి. ఊపిరి గొట్టం రంధ్రం నాలుక వెనకే ఉంటుంది, నీరు నేరుగా అందులోకే పోవచ్చు. ముక్కు కొనను నీళ్లలో ముంచండి, లేదా ముక్కు అంచున ఒక్కో చుక్క వేసి మింగనివ్వండి. మేతను తడిపి మెత్తగా పెట్టండి. రెట్ట పలుచగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే అది చర్మం పచ్చదనంలాంటిది కాదు, ఖాళీ కడుపులోంచి పైత్యరసం ఒక్కటే దిగుతోందని గుర్తు. రోజూ ఒకే వేళకు తూకం వేసి రాసుకోండి.

మనుషుల నొప్పి మాత్రలు, మొద్దుబార్చే పూతమందులు వద్దు. కుక్క కాటుకు యాంటీబయాటిక్ అవసరం పడవచ్చు. అయితే మందు పేరు, తూకానికి తగ్గ మోతాదు పశువైద్యుడే చెప్పాలి, దూరమైతే ఫోన్‌లోనైనా ఈ వివరాలన్నీ చెప్పి అడగండి. మందు వాడాక ఎన్ని రోజుల దాకా మాంసం తినకూడదో కూడా అడగండి. నోరు తెరిచి రొప్పుతున్నా, మేత లేదా నీరు గాయంలోంచి కారుతున్నా, చర్మం నొక్కితే కింద గాలి చిటచిటలాడుతున్నా, ఎముక కనిపిస్తున్నా, వెచ్చగా ఉంచి ఒక రోజు గడిచినా మేత ముట్టకపోయినా, ఎంత దూరమైనా తీసుకెళ్లండి.

కోలుకున్నాక, పొక్కు రాలి కొత్త చర్మం వచ్చేదాకా మందలో వదలకండి. అప్పుడు కూడా ముందు కొన్ని రోజులు వల అడ్డుపెట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. ఇన్నాళ్లు లేని పుంజును మంద కొత్తదానిలాగే చూస్తుంది, మళ్లీ పోట్లాట మొదలవుతుంది. కలిపిన రోజు సాయంత్రం దాకా మీరు దగ్గరే ఉండండి.