శాపం లేకపోతే శకుంతలకు ఎడబాటు లేదా?

ప్రశ్న: 'అభిజ్ఞాన శాకుంతలం' చదివాను. దుర్వాసుడు శపించకపోతే ఆ ఇద్దరూ విడిపోయేవారే కారు కదా! విధి చేసినదానికి దుష్యంతుణ్ణి తప్పుపట్టడం న్యాయమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు మహాభారతం తిరగవేయండి. ఆదిపర్వంలోని కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. కొడుకును వెంటబెట్టుకొని సభకు వచ్చిన శకుంతలను దుష్యంతుడు గుర్తుపట్టి కూడా ఎరుగనన్నాడు. అశరీరవాణి పలికిన తరువాతనే, లోకులు శంకించకుండా ఉండడానికి అలా అన్నానని చెప్పి స్వీకరించాడు. నూరుగురు కొడుకుల కంటె ఒక్క సత్యవాక్యం మేలని నన్నయ శకుంతల చేత చెప్పించిన పద్యం ఆ సభలోనిదే. తెలిసి బొంకిన రాజు శృంగార నాయకుడిగా రాణించడు కనుక, కాళిదాసు ఆ బొంకును మరపుగా మార్చి, మరపుకు శాపాన్ని కారణం చేశాడు.

అయితే రాజును ఆయన పూర్తిగా విడిచిపెట్టాడని నేను అనుకోను. అయిదో అంకం ప్రారంభంలో, శకుంతల ఇంకా సభకు రాకముందే, హంసపదిక అనే రాణి అంతఃపురంలో ఒక పాట పాడుతుంది. కొత్త తేనె మరిగి, మామిడి పూగుత్తిని మరచిన తుమ్మెదను నిలదీసే పాట అది. ఆమెను తాను ఒకప్పుడు ప్రేమించి మరచిన సంగతి రాజే విదూషకుడితో ఒప్పుకుంటాడు. ఆ మరపుకు ఏ ముని శాపమూ కారణం కాదు!

శాపం సంగతి శకుంతలకు తెలియనే తెలియదు. విన్నది ఆమె చెలికత్తెలు ప్రియంవద, అనసూయ మాత్రమే. ఆమె మనసు తట్టుకోలేదని వారు దాచిపెట్టి, రాజు గుర్తుపట్టకపోతే ఆయన ఇచ్చిన ఉంగరం చూపమని మాత్రమే చెప్పి పంపారు. అది శచీతీర్థంలో జారిపోయింది. చేప కడుపులో జాలరికి దొరికేసరికి ఆలస్యమైపోయింది. ఇదంతా విధి అంటే కాదనను.

ఏడో అంకంలో రాజు కాళ్లమీద పడినప్పుడు, ఇది తన పూర్వకర్మ ఫలమని అన్నది శకుంతలే. దుష్యంతుడు విధి మాట ఎత్తలేదు. తన మనసును కమ్మిన మోహమని ఒప్పుకొని, తలమీద వేసిన పూలదండను పామనుకొని విదిలించుకునే గుడ్డివాడితో తనను పోల్చుకున్నాడు.