ఒకటి ఉచితం, ఇంకోదానికి ఏటా చందా: ఎందుకిలా?

ప్రశ్న: ఫోన్‌లో ఆండ్రాయిడ్‌కి విడిగా డబ్బేమీ కట్టలేదు. కంప్యూటర్‌లో వర్డ్, ఎక్సెల్‌కి మాత్రం ఏటా చందా కట్టమంటోంది. ఒకేసారి కొనుక్కోలేమా? చందా ఆపేస్తే ఫైళ్లు పోతాయా?

జవాబు: ముందు ఫైళ్ల టెన్షన్ తీర్చుకోండి. మీ కంప్యూటర్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవు. వర్డ్, ఎక్సెల్‌ ఉండే చందా ప్యాకేజీ మైక్రోసాఫ్ట్ 365 గడువు తీరాక వాటిని తెరిచి చదవొచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. మార్పులు మాత్రం చేయనివ్వదు. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్‌లో దాచినవాటి సంగతి వేరు. చందా ఆగితే అక్కడ ఉచితంగా మిగిలేది 5 జీబీ. అంతకు మించి ఉంటే కొత్తవి ఎక్కవు, నెలల తరబడి అలాగే వదిలేస్తే మైక్రోసాఫ్ట్ వాటిని తొలగించే అవకాశం కూడా ఉంది. అందుకే చందా ఆపకముందే అన్నీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

వర్డ్, ఎక్సెల్‌ని ఒకేసారి కొనే దారీ ఉంది: ఆఫీస్ 2024. కొత్త ఫీచర్లు రావు కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు 2029 అక్టోబర్ వరకు వస్తాయి. ఉత్తరాలు, లెక్కలు రాసుకునేవాళ్లకి అది చాలు. అసలు డబ్బే పెట్టొద్దనుకుంటే అలాంటి పనులకే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ సాఫ్ట్‌వేర్ వాడి చూడండి.

ఇక ఉచితం సంగతి. కంపెనీ తన ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే ధర పెడుతుంది. గూగుల్‌కి ప్రధాన ఆదాయం ప్రకటనలు. తన సెర్చ్ ఎన్ని ఫోన్లలో ఉంటే అంత లాభం, కాబట్టి ఆండ్రాయిడ్‌ని ఉచితంగా ఇవ్వడం దానికి భారం కాదు. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో ముందే అమర్చిన (డిఫాల్ట్) సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. ఆపిల్ ఒకప్పుడు మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని అమ్మేది. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ వెర్షన్‌కి 29 డాలర్లు. 2013లో మావెరిక్స్ వెర్షన్ నుంచి ఉచితం చేసింది, ఎందుకంటే దాని లాభం యంత్రాల ధరలో ఉంది. ఫొటోషాప్ తయారుచేసే అడోబ్‌కి అమ్ముకోడానికి ఫోన్లూ కంప్యూటర్లూ లేవు, సాఫ్ట్‌వేర్ మీదే సంపాదించాలి. అదే 2013లో ఫొటోషాప్ కొత్త వెర్షన్లను చందాదారులకే పరిమితం చేసింది.

ప్రశ్న: గూగుల్ ఫొటోస్ ఒకప్పుడు అపరిమితం కదా, ఇప్పుడు స్టోరేజ్ నిండిందంటోందేం?

జవాబు: ఆ సౌకర్యం 2021 జూన్ 1న ఆగింది. ఏళ్ల తరబడి జనం ఫొటోలన్నీ అక్కడ చేర్చాక నియమం మార్చడం నాకు న్యాయంగా అనిపించదు. అంతకుముందు ‘హై క్వాలిటీ’లో (సైజు కాస్త తగ్గించి దాచే పద్ధతిలో) ఎక్కించినవి ఇప్పటికీ లెక్కలోకి రావు. తర్వాతివి మాత్రం జీమెయిల్, డ్రైవ్‌తో కలిపి 15 జీబీలోనే సర్దుకోవాలి. ముందు పెద్ద వీడియోలు వెతికి తీసేయండి. ట్రాష్ కూడా ఖాళీ చేయండి, అందులో ఉన్నవీ చోటు ఆక్రమిస్తాయి.