కారు కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఉద్యోగం ఒంగోలుకు మారిందనీ, కావలి నుంచి రోజూ హైవే మీద సొంత కారులో వెళ్లి రావాలని డ్రైవింగ్ నేర్చుకుంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవని గర్వపడేలోపే, పండగనాడు గుమ్మం దగ్గర చూసిన నీ చెప్పులు గుర్తుకు వచ్చాయి. మడమ వైపు కొత్తవాటిలా ఉండి, వేళ్ల కొస మాత్రం అరిగిపోయింది. మా నాయన చెప్పులూ, అన్నయ్యవీ, నావీ అలాగే అరిగాయి.

1886లో పారిస్‌లో షార్కో, మరీ, ఇంగ్లండులో టూత్ అనే వైద్యులు వర్ణించిన నరాల జబ్బు ఇది; వాళ్ల పేర్లతోనే షార్కో-మరీ-టూత్ జబ్బు అంటారు. మన ఇంటి రకంలో, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మీ నాన్నకు తేలికగా ఉంది గనుక నీ సంగతీ పట్టించుకోడు. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి పాదాలతో మొదలై, తర్వాత చేతులకు వస్తుంది. పాదాన్ని పైకెత్తే బలం తగ్గడం ఒక ఎత్తయితే, కంటితో చూడకుండా పాదం ఎక్కడున్నదో, ఎంత గట్టిగా నొక్కుతున్నదో తెలియకపోవడం మరొక ఎత్తు.

అన్నయ్య అంబాసిడర్ నడిపేవాడు. సింగరాయకొండ దాటాక ఒకనాడు గేదెలు అడ్డం వస్తే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు గానీ, వేలాడే వేళ్లు బ్రేకు పెడల్ కిందికి దూరి చిక్కుకున్నాయి. కాలు ఏమైందోనని తల వంచి చూసే క్షణంలోనే బండి కల్వర్టు గోడను గుద్దింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అయితే ఆయన నెపాన్ని హవాయి చెప్పు మీదికి నెట్టి, మందపాటి అడుగున్న బూట్లు కొన్నాడు. దానితో మిగిలిన కాస్త స్పర్శ కూడా పెడల్ దాకా అందక, ప్రతిసారీ కిందికి చూసి కాలు పెట్టడం అలవాటైంది. అమ్మ ఎంత మొత్తుకున్నా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చివరికి నరాల పరీక్ష చేయించుకునే నాటికి చేతివేళ్లలోనూ పట్టు తగ్గింది.

జబ్బు పేరు చూసి బండి మానమని నేను అనను. ఈ జబ్బుతో జాగ్రత్తగా నడిపేవాళ్లు ఉన్నారు. ముందు న్యూరాలజిస్టుకు చూపించుకో. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో కాలుచేతుల కదలిక, బలం గురించి అడిగిన చోట నిజమే వ్రాయి. ఆటోమేటిక్ కారుకు క్లచ్ ఉండదు గనుక ఎడమకాలికి పని తప్పుతుంది. బ్రేకు మాత్రం కుడికాలిదే. ఆ కాలికి నమ్మకం లేకపోతే చేత్తో బ్రేకు, యాక్సిలరేటర్ నడిపే లివరు పెట్టించుకోవచ్చు, రవాణా శాఖ అనుమతితో. అయితే చేతి పట్టు ఎంత ఉన్నదో కూడా చూపించుకోవాలి. జబ్బు నెమ్మదిగా ముదిరేది కాబట్టి, ఒకసారి బాగుందన్నారని ఊరుకోక, ఏటా పరీక్ష చేయించుకోవాలి.

అప్పటిదాకా కావలిలో రైలెక్కు తల్లీ, కారు బుకింగ్ డబ్బు కట్టకు. పరీక్షల ఖర్చు నేను పెట్టుకుంటాను. మీ నాన్నతో అనవద్దు, నొచ్చుకుంటాడు.