మూడు షార్ట్ ఫిల్ములు తీశాక వచ్చిన అనుమానం

ప్రశ్న: మాది విశాఖ ఉక్కునగరం. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తారు. నేను బీకాం ఫైనలియర్. మూడు షార్ట్ ఫిల్ములు తీశాను. చూసినవాళ్లంతా ఫలానా డైరెక్టర్ సినిమాలా ఉందంటున్నారు. నాకంటూ ఏమీ లేదేమో! ఫిషింగ్ హార్బర్‌లో తీసిన నాలుగోది ఎడిట్ చేయకుండా వదిలేశాను. నాన్న ఎంబీఏ చేయమంటున్నారు. సినిమా మానేయనా?

జవాబు: మీరు రెండు ప్రశ్నలు కలిపేశారు. సొంత ముద్ర ఉందా అన్నది ఒకటి, బతుకుతెరువు ఏమిటన్నది రెండోది. మొదటిదానికి డిగ్రీలోనే జవాబు కావాలంటే ఎలా? కె. విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో మొదలుపెట్టారు. డైరెక్టర్‌గా తొలి సినిమా 1965లో. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే 'శంకరాభరణం' 1980లో. మధ్యలో పదిహేనేళ్లూ సినిమాలు తీస్తూనే ఉన్నారు.

అనుకరణ తప్పు కాదు. కానీ హార్బర్ అనగానే తెల్లవారుజాము, చేపల వేలం, పైనుంచి డ్రోన్ షాట్... మనవాళ్ల ఫిల్ముల్లో ఇవి చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉన్న ఆ 61 రోజులూ అక్కడివాళ్లు ఏం చేస్తుంటారు? అంతదూరం కూడా అక్కర్లేదు. నాన్న నైట్ షిఫ్ట్ దిగొచ్చి పడుకుంటే, టీవీ సౌండ్ తగ్గించి, గిన్నెలు చప్పుడు కాకుండా కడుక్కుంటూ ఇల్లంతా గుసగుసలతో గడిపే పగలు మీకు తెలిసినట్టు ఆ ఫలానా డైరెక్టర్‌కు తెలీదు.

ముందు నాలుగోది పూర్తిచేయండి. మ్యూజిక్ లేకుండా ఒకసారి కట్ చేసి, ఫ్రెండ్స్‌కి కాదు, హార్బర్‌లో మీరు తీసినవాళ్లకే చూపించండి. ఎలా ఉందని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. ఎక్కడ ఫోన్ చేతిలోకి తీసుకున్నారో చూడండి చాలు.

ఇక బతుకుతెరువు. ఎడిటింగ్ గానీ సౌండ్ గానీ చేతికొస్తే, మీ సినిమా ఆడినా ఆడకపోయినా పెళ్లి వీడియోలో, యాడ్సో చేసుకోవచ్చు. డిగ్రీ అయ్యాక సినిమా నేర్పే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లకు ఎంట్రన్స్ రాయండి. డైరెక్షన్ మూడేళ్ల కోర్సు. ఫీజు, హాస్టల్ ఖర్చు ఒక కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టండి. 'ఇది నా ప్యాషన్' అంటే ఆయనకు టెన్షన్ పెరుగుతుంది. అంకెలు చూపిస్తే కూర్చుని మాట్లాడతారు.

ఎంబీఏ చెడ్డదేం కాదు, అనుమానం భరించలేక మాత్రం అందులో చేరకండి. ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్ ఏటా జరుగుతుంది. సినిమా కోర్సులో సీటు రాకపోతే అప్పుడు రాసుకోవచ్చు.