పూత మీదే అమ్ముడైన ఆటగాడు

ప్రశ్న: నేను ఆమదాలవలసలో ఉంటాను, రిటైర్డ్ టీచర్ని. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మనవడు మొన్న సెలవులకొచ్చి సామ్ బ్రాడ్‌ఫర్డ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చెప్పాడు. గెలిచింది తక్కువట, మోకాలు పట్టుకుని కూర్చున్నది ఎక్కువట, అయినా 13 కోట్ల డాలర్లు సంపాదించుకుని వెళ్లిపోయాడట. నేను నమ్మలేదు. వాడు నవ్వాడు. ఇది నిజమేనా? నిజమైతే ఆ డబ్బు ఇచ్చినవాళ్లకి మతి ఉందా?

జవాబు: మాస్టారూ, ఈసారికి మనవడి దగ్గర ఓడిపోయామని ఒప్పేసుకోండి. నిజమే. 2010 నుంచి 2018 దాకా ఆడిన బ్రాడ్‌ఫర్డ్ కాంట్రాక్టుల మీద అందుకున్నది మొత్తం సుమారు 13 కోట్ల డాలర్లు, డాలరుకి 85 రూపాయలు వేసుకుంటే 1,100 కోట్ల పైమాటే (ఆయన మొదలుపెట్టిన రోజుల్లో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది కాబట్టి మరీ అంత కాదనుకోండి, అయినా మన ఊహకి అందే సొమ్ము కాదు). మొదటి నుంచీ బరిలో దిగి ఆడిన మ్యాచ్‌లు 83. అందులో గెలిచినవి 34, ఓడినవి 48, ఒకటి టై. ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు. లెక్కల మాస్టారైతే మీరే భాగించి చూడండి, ఒక్కో గెలుపూ 38 లక్షల డాలర్లకి కాస్త పైనే పడుతుంది.

ఇక మతి సంగతి. బొబ్బిలి వైపు గానీ కొత్తవలస వైపు గానీ మామిడి తోటలున్నవాళ్లని అడగండి, చెప్తారు. చెట్టు పూత మీద ఉండగానే షావుకారు వచ్చి, తోటంతా తిరిగి, ఓ రేటు మాట్లాడి బయానా చేతిలో పెడతాడు. కాయ నిలిస్తే లాభం ఆయనది, గాలివాన కొట్టి పిందె రాలిపోతే నష్టమూ ఆయనదే, రైతు బయానా వెనక్కి ఇవ్వడు. అమెరికన్ ఫుట్‌బాల్లో డ్రాఫ్ట్ అనేది అచ్చం ఇదే బేరం. కాలేజీలో ఆడుతున్న కుర్రాళ్లని ప్రొఫెషనల్ టీములు వరసగా ఎంచుకుంటాయి, గడిచిన సీజన్లో అందరికంటే అధ్వానంగా ఆడిన టీముకి మొదటి ఛాన్సు. 2009 సీజన్లో సెయింట్ లూయిస్ రామ్స్ 16 మ్యాచ్‌లాడి ఒకటే గెలిచింది, దాంతో 2010 డ్రాఫ్టులో మొదటి ఛాన్సు వాళ్లకొచ్చింది, వాళ్లు ఒక్లహోమా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్‌ఫర్డ్‌ని తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ అంటే, బంతి ఎవరికివ్వాలో, ఎక్కడికి విసరాలో ఆ రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సినవాడు, టీము మొత్తం ఆ ఒక్కడి మీదే నడుస్తుంది. ఆరేళ్లకి కుదిరిన కాంట్రాక్టు 7.8 కోట్ల డాలర్లు. అందులో గ్యారంటీ 5 కోట్లు.

ఆ గ్యారంటీ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పేపర్లో వచ్చే అంకెలన్నీ ఇక్కడే మోసం చేస్తాయి. ఈ ఆటలో మామూలు కాంట్రాక్టు మీద పదేళ్లని రాసి ఉన్నా, టీము మధ్యలో వద్దు పొమ్మంటే మిగతా సంవత్సరాల జీతం రాదు, గ్యారంటీ అని రాసుకున్నది మాత్రమే వస్తుంది. పది కోట్ల డాలర్ల ఒప్పందం అని హెడ్డింగులో పడినవాడి ఇంటికి చివరికి మూడు కోట్లు చేరడం అక్కడ వింతేమీ కాదు. ఇరవై రెండేళ్లకే, ప్రొఫెషనల్ ఆటలో ఒక్క బంతి విసరకుండా 5 కోట్లకి గ్యారంటీ సంపాదించాడంటే బ్రాడ్‌ఫర్డ్ ఏటి చేశాడు? ఏమీ చెయ్యలేదు, సమయానికి పుట్టాడంతే. ఆ మరుసటి ఏడాదే, 2011లో, యజమానులకీ ఆటగాళ్ల యూనియన్‌కీ కొత్త ఒప్పందం జరిగి, కొత్తగా వచ్చేవాళ్లకి డ్రాఫ్టులో ఫలానా నంబరుకి ఫలానా జీతం అని కొలత పెట్టేశారు. ఆ ఏడాది మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కి దొరికింది నాలుగేళ్లకి 2.2 కోట్లు. తర్వాత లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు తెచ్చుకుంది ఆ న్యూటనే! ఒక్క సంవత్సరం తేడా మాస్టారూ. మన డీఎస్సీ నోటిఫికేషన్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది వేరే విడమర్చక్కర్లేదు.

అలాగని బ్రాడ్‌ఫర్డ్ చేతగానివాడు కాదు. మొదటి ఏడాదే 16 మ్యాచ్‌లూ ఆడి, ఒక్కటి గెలిచిన టీము చేత ఏడు గెలిపించి, ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. తర్వాత మొదలయ్యాయి దెబ్బలు. 2011లో చీలమండ, 2013 అక్టోబరులో ఎడమ మోకాలి లిగమెంట్, దాన్ని బాగుచేయించుకుని తిరిగొస్తే 2014 ఆగస్టులో, ఇంకా సీజన్ మొదలుకాకుండానే అదే మోకాలు మళ్లీ. ఆ సీజన్ అంతా ఇంట్లోనే, జీతం మాత్రం వచ్చింది. 2015లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి మారాడు, ఏడు గెలిచాడు, ఏడు ఓడాడు. మరుసటి మార్చిలో వాళ్లు రెండేళ్లకి కొత్త కాంట్రాక్టు ఇచ్చి 2.2 కోట్లు గ్యారంటీ రాశారు. ఆ సంతకం సిరా ఆరకముందే అదే టీము డ్రాఫ్టులో ముందు వరసకి బేరమాడి మరో క్వార్టర్‌బ్యాక్‌ని, కార్సన్ వెంట్జ్‌ని, తెచ్చుకుంది. ఇల్లు రాసిచ్చి తాళం ఇంకొకరికి ఇచ్చినట్టుంది కదా! ఈయన అలిగి, నన్ను వేరే టీముకి పంపండని కొన్నాళ్లు ప్రాక్టీసుకి వెళ్లలేదు. జనం తిట్టారు. నాకైతే అందులో తప్పు కనిపించలేదు.

చివరికి సెప్టెంబరులో మిన్నెసోటా వైకింగ్స్ ఆయన కోసం ఏకంగా తమ మొదటి రౌండు డ్రాఫ్టు హక్కు వదులుకుంది, వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌కి ప్రాక్టీసులో మోకాలు పోయి అప్పటికప్పుడు మనిషి కావాల్సొచ్చింది మరి. కొత్త టీము, కొత్త ఎత్తుగడలు, రెండు వారాల్లో నేర్చుకుని మైదానంలోకి దిగి, ఆ సీజన్లో విసిరిన బంతుల్లో 71.6 శాతం చేరాల్సినవాడి చేతికి చేర్చాడు. అప్పటికి అది లీగ్ రికార్డు. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్ అద్భుతంగా ఆడి మళ్లీ మోకాలు. ఆఖరున 2018లో అరిజోనా కార్డినల్స్ ఒక్క ఏడాదికి 2 కోట్ల కాంట్రాక్టు రాసింది, గ్యారంటీ కోటిన్నర. మూడు మ్యాచ్‌లు ఆడాడు, మూడూ ఓడిపోయాడు, పక్కన కూర్చోబెట్టి నవంబరులో పంపించేశారు.

కాబట్టి మతిలేక ఇవ్వలేదు. టీములు 32 ఉన్నాయి, నికరంగా ఆడించగల క్వార్టర్‌బ్యాక్‌లు అంతమంది ఏ కాలంలోనూ లేరు. కరువులో దొరికినదానికి రేటు కట్టేది సరుకు కాదు, కరువే. పైగా అందరూ మర్చిపోయేది ఒకటుంది, ఆ 13 కోట్లు ఆయన బీరువాలోకి రాలేదు. ఆయన ఆడినన్నాళ్లూ అక్కడి కేంద్ర ఆదాయపు పన్ను పై శ్లాబు 35 నుంచి 39.6 శాతం మధ్య ఉండేది. దాని మీద రాష్ట్రం పన్ను, మిన్నెసోటాలో అయితే పై శ్లాబు 9.85 శాతం. అదీ సొంత రాష్ట్రంతో అయిపోదు, వేరే రాష్ట్రానికి వెళ్లి మ్యాచ్ ఆడితే ఆ వంతు సంపాదనకి అక్కడా పన్ను రిటర్న్ వెయ్యాలి! ఏజెంటుకి మూడు శాతం దాకా. అటూ ఇటూగా సగం మిగిలిందనుకోండి. సగమన్నా తక్కువేం కాదనుకోండి, అది వేరే సంగతి.

ప్రశ్న: ఈ ఆటగాళ్లలో చాలామంది రిటైరయ్యాక దివాలా తీస్తారని విన్నాను. నేను బ్యాంకులో పనిచేస్తాను, అంత డబ్బు ఎలా కరుగుతుందో నాకు అర్థం కావడం లేదు. (విజయనగరం కంటోన్మెంట్ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: మీరు విన్నది 2009లో అక్కడి ఓ క్రీడా పత్రిక రాసిన మాట అయ్యుంటుంది. రిటైరైన రెండేళ్లలోపే 78 శాతం మంది దివాలా తీయడమో డబ్బు ఇబ్బందుల్లో పడటమో జరుగుతుందని రాశారు. 'ఇబ్బందులు' అన్న సంచీలో ఏదైనా పడుతుంది లెండి. 2015లో కొందరు ఆర్థికవేత్తలు 1996 నుంచి 2003 మధ్య డ్రాఫ్టయిన ఆటగాళ్లని తీసుకుని, నిజంగా దివాలా పిటిషన్ వేసినవాళ్లు ఎంతమందో లెక్క కడితే, ఆట మానేసిన పన్నెండేళ్లలో సుమారు 16 శాతం తేలారు. 78 కాదు. అయినా ఆరుగురిలో దాదాపు ఒకరు. అందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఏమిటంటే, ఎక్కువ సంపాదించినవాడూ ఎక్కువ ఏళ్లు ఆడినవాడూ తక్కువ దివాలా తీస్తాడనుకుంటాం కదా, అలా ఏమీ లేదు.

ఎలా కరుగుతుందంటే, మీ బ్రాంచికి భోగాపురం వైపు నుంచి వచ్చే ఖాతాదారులు ఉంటే మీకే తెలిసుండాలి. ఎయిర్‌పోర్టు చుట్టూ భూముల రేట్లు పెరిగినప్పుడు మా బంధువు ఒకాయన రెండెకరాలు అమ్మాడు. డబ్బు పడిన నెలలో కారు, ఆర్నెల్లలో మేడ, ఏడాదిలో ఇద్దరు బావమరుదులకి చేబదుళ్లు, ఒకడి వ్యాపారానికి హామీ సంతకం. మూడో ఏడు కారు అమ్మేశాడు. ఆయన తాగుబోతు కాదు, పేకాటరాయుడూ కాదు. ఒక్కసారే వచ్చిన డబ్బుని ప్రతి నెలా వచ్చే డబ్బు అనుకున్నాడు, అంతే. అక్కడి ఆటగాడిదీ అదే కథ, సగటున మూడేళ్ల చిల్లరే ఆట, ఖర్చుల అలవాటు మాత్రం యాభై ఏళ్లకి సరిపడా.

బ్రాడ్‌ఫర్డ్ చదివిన ఒక్లహోమాలోనే ర్యాన్ బ్రాయిల్స్ అని మరో కుర్రాడు ఉండేవాడు, 2012లో డెట్రాయిట్ లయన్స్ రెండో రౌండులో తీసుకుంది. నాలుగేళ్లకి 36 లక్షల డాలర్ల పైచిలుకు కాంట్రాక్టు. ఈయన ఏం చేశాడంటే ఇంటి ఖర్చు ఏడాదికి 60 వేల డాలర్లని గీత గీసుకుని, భార్యాభర్తలిద్దరూ దాని మీదే బతికి, మిగతాది మదుపు చేశాడు. తోటి ఆటగాళ్లు నవ్వుకున్నారో లేదో గానీ మోకాళ్లూ మడమా దెబ్బతిని 2015కల్లా ఆయన ఆట అయిపోయింది. నాలుగో ఏడు జీతం చూడనే లేదు. బయానా ఒక్కటే మన సొమ్ము అని తెలిసినవాడు ఆయన.

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. మా అబ్బాయి వెయిట్‌లిఫ్టింగ్ చేస్తున్నాడు, ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్ల మేనమామ, ఆటలో పైకొస్తే కోట్లు, చదువెందుకు, మాన్పించెయ్యి అక్కా అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: తల్లీ, మాన్పించకండి. మీ తమ్ముడికి కోపం వస్తే నా పేరు చెప్పండి.

కోట్లు వచ్చే ఆట వేరు, మీ అబ్బాయి ఆడేది వేరు. అమెరికన్ ఫుట్‌బాల్‌కి టీవీ కంపెనీలు డబ్బు కుమ్మరిస్తాయి, అందులోంచి జీతాలు వస్తాయి. వెయిట్‌లిఫ్టింగ్‌కి అలాంటి లీగ్ లేదు. మీ పక్కనే కొండవెలగాడ ఉంది, బరువులెత్తేవాళ్ల ఊరని రాష్ట్రమంతా తెలుసు, అక్కడి పెద్దవాళ్లని అడగండి, రైల్వేలోనో ఆర్మీలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం గురించి చెప్తారు గానీ కోట్ల గురించి ఎవరూ చెప్పరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కర్ణం మల్లీశ్వరి కూడా ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేసినామే. ఆ కోటా ఉద్యోగాలకీ చదువు సర్టిఫికెట్ అడుగుతారు.

కోట్ల ఆటలో ఉన్నవాళ్ల సంగతీ ఒకటి చెప్తాను, మీ తమ్ముడికి చదివి వినిపించండి. జాన్ అర్షెల్ అని బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు, 2014లో ఐదో రౌండులో డ్రాఫ్టయ్యాడు. నాలుగేళ్ల కాంట్రాక్టు సుమారు 24 లక్షల డాలర్లు. ఏడాదికి 25 వేల డాలర్ల లోపే ఖర్చుపెట్టేవాడు, సెకండ్ హ్యాండ్ చిన్న కారు. ఒకపక్క ఆడుతూనే ఎంఐటీలో గణితంలో పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. 2017 జులైలో ఓ వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది, చనిపోయిన మాజీ ఆటగాళ్ల మెదళ్లు 111 పరీక్షిస్తే 110 వాటిలో తల దెబ్బల వల్ల వచ్చే జబ్బు కనిపించిందని (అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి అందరికీ అలాగే ఉంటుందని కాదు). రెండు రోజుల తర్వాత అర్షెల్ 26 ఏళ్లకే ఆట వదిలేశాడు, ఆఖరి ఏడాది కింద రావాల్సిన సుమారు 7 లక్షల డాలర్లు వదులుకుని. పెళ్లి కుదిరి ఉంది, బిడ్డ పుట్టబోతోంది, పూర్తిగా చదువు మీద కూర్చుంటానన్నాడు. ఇప్పుడు అదే ఎంఐటీలో పాఠాలు చెప్తున్నాడు.

అబ్బాయిని పొద్దున్న బరువులెత్తనివ్వండి, తర్వాత కాలేజీకి పంపండి. గుడ్లూ పాలూ తగ్గించకండి.

ప్రశ్న: ఇంతకీ బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటని ఫుట్‌బాల్ అని ఎలా అంటారు? దాన్ని మనం చూడాలంటే ఎప్పుడు చూడాలి? (రాజాం నుంచి ఓ బీటెక్ విద్యార్థి)

జవాబు: కాలితో ఆడే ఆటలోంచే పుట్టి రగ్బీ మీదుగా ఇలా తయారైంది, పేరు మాత్రం మారలేదు. ఇప్పటికీ గోలుకొట్టే కిక్కులు ఉంటాయి లెండి. సెప్టెంబరు నుంచి మ్యాచ్‌లు ఆదివారం రాత్రి పదిన్నరకి మన టైములో మొదలవుతాయి, చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర. ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఫిబ్రవరిలో, మనకి సోమవారం తెల్లవారుజామున ఐదింటికి. ఆ రోజు ఇంటర్నల్ ఎగ్జామ్ ఉంటే నన్ను తిట్టుకోవద్దు.